లైవ్‌లో వెయ్యాలంటే ఏ పద్యనాటకం? హరిశ్చంద్ర, రాయబారం, తులాభారం, గయోపాఖ్యానం – దేనికి ఏటి కావాలి

దసరా దగ్గరపడితే చాలు మా విజయనగరం వైపు నాటక సమాజాల వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. ఈసారి లోకల్ కేబుల్ వాళ్ళు లైవ్ ఇస్తామన్నారు, యూట్యూబ్‌లో కూడా వెళ్తుందంట, ఏ నాటకం వేద్దాం? శ్రీకాకుళం సమాజాల నుంచి రథసప్తమి ముందు ఇదే ఫోను వస్తుంది. నేను పెట్టె వాయిస్తాను, అంటే హార్మోనియం. లైవ్‌లో వెళ్ళిన నాటకాలకి అయిదారుసార్లు స్టేజీ పక్కన కూర్చున్నాను, అందులో రెండు బాగా వెళ్ళాయి, ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసినదంతా ఒకచోట రాసీద్దామని ఇది.

ముందు ఆ చెడిపోయిన లైవ్ గురించి చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాన్నుంచే తెలిసింది. శ్రీకృష్ణ రాయబారం వేసాం. ఛానెల్ వాళ్ళు ఎనిమిది నుంచి పది దాకా అన్నారు, మేం సరే అన్నాం. మొదటి పద్యానికే హాల్లో ఒన్స్‌మోర్ అన్నారు, మా కృష్ణుడు మళ్ళీ ఎత్తుకున్నాడు, ఈసారి రాగం ఇంకా పొడుగు తీసాడు, తర్వాత చదివింపులు మొదలయ్యాయి, ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు ఐదువందలు అని మైకులో చదువుతుంటే పావుగంట అయిపోయీసింది. పడక సీను అయ్యేసరికి తొమ్మిదిన్నర. సభ సీను మొదలైంది, సరిగ్గా పదికి ఛానెల్లో లైవ్ ఆపీసి ప్రకటనలు వేసీసారు. "అలుగుటయే యెరుంగని" పద్యం ఒక్క ఇంటికీ చేరలేదు. ఆ పద్యం కోసం నెలరోజులు సాధన చేసిన మనిషి మేకప్ తీసుకుంటూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గజపతినగరం దగ్గర ఊళ్ళో మా పెద్దమ్మ ఫోన్ చేసి "ఏట్రా, యుద్ధం వస్తుందా రాదా చెప్పకుండానే ఆపీసారు" అంది. రాయబారంలో తప్పు లేదు. ఆ టైముకి, మా దగ్గరున్న సరంజామాకి ఆ నాటకం ఎంచుకోవడంలోనే తప్పు జరిగింది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

టైము. ఇది అన్నిటికన్నా ముందు. పందిట్లో నాటకం తెల్లారేదాకా సాగినా ఎవరూ ఏమీ అనరు, టీవీలో స్లాట్ స్లాటే. అందుకే నాటకం మొత్తం ఎంతసేపు అని చూడొద్దు, ఒక సీను దగ్గర ఆపీసినా కథ పూర్తయినట్టు అనిపిస్తుందా అని చూడండి. పద్యాలు ఒక్కోటి రాగంతో కలిపి వాచీ పెట్టుకుని కొలవండి. నాలుగు పాదాల పద్యాన్ని ఒకరు నిమిషంన్నరలో పాడతారు, ఇంకొకరు ఆరు నిమిషాలు తీస్తారు, రెండూ పద్యమే, ఆ తేడాతోనే స్లాట్ మునుగుతుంది.

ముఖం. హాల్లో ఇరవయ్యో వరసలో కూర్చున్నవాడికి కిరీటం, చెయ్యి, గొంతు చాలు. టీవీలో కళ్ళు కనపడతాయి. పద్యం అయిపోయి ఎదుటివాడు పాడుతున్నప్పుడు మీ నటుడు ఊరికే నిలబడి శ్వాస తీసుకుంటుంటే అది కూడా కనపడుతుంది. ఇద్దరు ముగ్గురు ఉండే సీన్లు ఎక్కువున్న నాటకం ఒక్క కెమెరాకి కూడా పట్టుతుంది, పదిమంది ఉండే సభ సీనుకి కనీసం మూడు కెమెరాలు, వాటిని మార్చే మనిషి ఒకడు కావాలి, ఆ మనిషికి ఏ పద్యం ఎవరు ఎత్తుకుంటారో ముందే తెలిసుండాలి.

మారు మనిషి. అమెరికాలో స్టేజీ మ్యూజికల్స్‌ని, అంటే పాటలతో నడిచే నాటకాల్ని, టీవీలో లైవ్‌గా వెయ్యడం ఎప్పట్నుంచో ఉంది, 1957లో సీబీఎస్‌లో జూలీ ఆండ్రూస్‌తో వేసిన సిండ్రెల్లా 10 కోట్లమందికి పైగా చూసారు, అది టీవీ కోసమే రాయించుకున్నది. అంత అనుభవం ఉన్న దేశంలో కూడా 2019 జనవరిలో ఫాక్స్ ఛానెల్ రెంట్ అనే మ్యూజికల్ వేసినప్పుడు, ముందురోజు డ్రెస్ రిహార్సల్లో ముఖ్య నటుడి కాలు విరిగింది, ఆయన బదులు ఆడే మనిషి లేడు, లైవ్ అన్న పేరుకి చాలావరకు ఆ రిహార్సల్ రికార్డింగే వెయ్యాల్సి వచ్చింది. మనకి దీంట్లో నేర్చుకునేవి రెండున్నాయి. ఒకటి, చివరి రిహార్సల్ పూర్తి వేషాలతో, పూర్తి సౌండుతో రికార్డు చేసి దగ్గర పెట్టుకోవాలి. రెండు, గొంతు పోతే ఎవరు పాడతారో ముందే తెలిసుండాలి. పద్యనాటకాల్లో మనకి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పంచుకునే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి ఈ విషయంలో మనం వాళ్ళకన్నా నయం.

జనం. దీని దగ్గర కొంచెం ఆగాలి. 2013 డిసెంబర్‌లో ఎన్బీసీ ఛానెల్ వాళ్ళు సౌండ్ ఆఫ్ మ్యూజిక్ అనే మ్యూజికల్ లైవ్‌గా వేసారు, కోటీ 80 లక్షలకి పైనే చూసారు, కానీ స్టూడియోలో ప్రేక్షకులు లేరు, పాట అయిపోగానే నిశ్శబ్దం. 2016లో ఫాక్స్ వాళ్ళు గ్రీజ్ అనే మ్యూజికల్ వేసినప్పుడు జనాన్ని సెట్లలోనే కూర్చోబెట్టారు, ఆ రోజు వాన పడినా గొడుగులు పట్టుకుని కానిచ్చారు, ఆ ఊపు వేరు. మన పద్యానికి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పద్యం ఎత్తుకున్నాక ఎదురుగా "ఆహా" అనేవాడు లేకపోతే గొంతు పైకి లేవదు, నేను పెట్టె దగ్గర కూర్చుని ఎన్నోసార్లు చూసాను. ఎవరైనా స్టూడియో గదిలో వెయ్యమంటే ఒప్పుకోవద్దు. మా ఆనందగజపతి ఆడిటోరియంలో వెయ్యండి, శ్రీకాకుళంలో అయితే బాపూజీ కళామందిర్‌లో వెయ్యండి, లేదా ఊళ్ళో రామమందిరం ముందు పందిరి చాలు, కానీ మనుషులుండాలి.

హక్కులు. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. పాత పద్యనాటకాలు చాలావరకు ఆ గడువు దాటీసాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే మధ్యలో కలుపుకున్న పాటల దగ్గర. సినిమా పాట ఒక్కటి బ్రేకులో మోగినా యూట్యూబ్ లైవ్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

కరెంటు, వాన. దసరా మనకి తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస వైపు తీరం దాటింది. జనరేటర్ ఉందన్నా సరే, కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాస్త టైములో లైవ్ తెగిపోతుంది, మిక్సర్‌కీ ఇంటర్నెట్ రౌటర్‌కీ విడిగా ఇన్వర్టర్ పెట్టండి.

ఇక ఒక్కో నాటకం

సత్య హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. మొదటిసారి లైవ్ వేసేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని చెప్పేది ఇదే. వారణాసి సీను, కాటి సీను పెట్టుకుంటే గంటన్నరలో కథ నిండుగా ముగుస్తుంది, ఆలుబిడ్డల్ని అమ్ముకున్న మనిషి కాటికాపరిగా నిలబడితే ముందు కథ తెలియని పిల్లలకి కూడా అర్థమవుతుంది. స్టేజీ మీద ఒకేసారి ఇద్దరో ముగ్గురో ఉంటారు. నక్షత్రకుడు ఉన్నంతసేపూ ఇంట్లో వాళ్ళు ఛానెల్ మార్చరు, ఆ వేషం మాట చురుకుగా ఉన్నవాడికే ఇవ్వండి, గొంతు కాస్త తక్కువైనా పర్లేదు. చంద్రమతి మాత్రం ఏడుపూ పద్యమూ రెండూ శ్రుతిలో నిలబెట్టగలిగిన ఆవిడ అయ్యుండాలి, క్లోజప్‌లో దొంగ ఏడుపు వెంటనే దొరికిపోతుంది.

దీన్లో కష్టం రెండు చోట్ల. కాటి సీను చీకటి. హాల్లో నీలం లైటు ఒకటేసి పొగ వదిలితే గొప్పగా ఉంటుంది, కెమెరాలో మాత్రం బొమ్మంతా గింజలు గింజలుగా పడుతుంది. హరిశ్చంద్రుడి ముఖం మీద పక్కనుంచి ఒక పసుపు లైటు తప్పనిసరి. రెండోది హక్కుల సంగతి. బలిజేపల్లి వారు 1953లో పోయారు కాబట్టి ఆయన పద్యాలకి 2013తోనే గడువు అయిపోయింది. కానీ కాటి సీన్లో మనందరం పాడే "ఇచ్చోటనే" పద్యాలు జాషువా గారివి, ఆయన పోయింది 1971లో, ఆ లెక్కన 2031 చివరిదాకా హక్కు ఉన్నట్టే. స్టేజీ మీద తరాలుగా పాడుతున్నారు, ఎవరూ అడగలేదు, నిజమే, కానీ డబ్బులొచ్చే లైవ్‌లో వేస్తున్నప్పుడు ముందే అనుమతి తీసుకోవడం మర్యాద, ఆ పద్యాలు రాసినాయన పేరు తెరమీద వెయ్యడం అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని.

శ్రీకృష్ణ రాయబారం. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోంచి. చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు, హక్కుల బెంగ లేదు. తెలుగువాళ్ళకి నోటికొచ్చిన పద్యాలన్నీ దీన్లోనే ఉన్నాయి, "బావా ఎప్పుడు వచ్చితీవు" అనగానే టీవీ ముందున్న తాత కూడా అందుకుంటాడు. పైగా మన ప్రాంతానికి ఈ నాటకం మీద ఒక హక్కు లాంటిది ఉంది, పీసపాటి నరసింహమూర్తి గారు బలిజిపేట వైపు వంతరాంలో పుట్టినవారు, కృష్ణుడంటే ఆయనే అన్నట్టు రాష్ట్రమంతా తిరిగారు. అందుకే ఇక్కడ రాయబారం వేస్తే జనం పోల్చి చూస్తారు, సాధన లేకుండా దిగొద్దు.

లైవ్‌కి దీన్లో ఉన్న ఇబ్బంది మనుషులు ఎక్కువవడం. పడక సీను వరకు ముగ్గురే, చక్కగా పట్టుతుంది, పడుకున్న కృష్ణుడు, తలవైపు దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు, ఆ మూడు ముఖాలు మార్చి మార్చి చూపిస్తే టీవీకే రాసినట్టుంటుంది. సభ సీనుకి వచ్చేసరికి దుర్యోధనుడు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు, విదురుడు అందరూ ఉంటారు, మైకు ఎవరి దగ్గరుందో తెలియదు. కాలర్ మైకులు పెడితే హారాలు తగిలి గరగరమని చప్పుడు. మేం ఆఖరికి పైనుంచి వేలాడే మైకులు మూడు, ముందు ఫుట్ మైకులు రెండు పెట్టుకున్నాం, కదలికలు వాటికి తగ్గట్టు మార్చుకున్నాం.

ఇంకోటి, ఇద్దరు కృష్ణులు. పందిట్లో ఒకటో కృష్ణుడు వెళ్ళి రెండో కృష్ణుడు వస్తే చప్పట్లు కొడతారు, అది పండగ. టీవీలో మధ్యలో పెట్టుకున్నవాళ్ళకి, ముఖ్యంగా పిల్లలకి, ఈయనెవరో కొత్తాయన అనిపిస్తుంది. పంచుకోవద్దని అనను, గొంతు కాపాడుకోవాలి కదా, కాకపోతే సీను మారినప్పుడే కృష్ణుడు మారాలి, కిరీటం, నగలు, ఉత్తరీయం రంగు ఒకటే ఉండాలి, కింద పేరు వెయ్యాలి. రెండున్నర గంటలకి తక్కువైతే ఈ నాటకం మొత్తం వెయ్యొద్దు. గంట మాత్రమే ఇస్తే ఒక్క పడక సీను వెయ్యండి, అది ఒక్కటే చాలు.

శ్రీకృష్ణ తులాభారం. ముత్తరాజు సుబ్బారావు గారిది. పాటలు ఎక్కువ, పద్యాలు చిన్నవి, నారదుడు ఉన్నాడు కాబట్టి నవ్వు ఉంటుంది, ఆడవాళ్ళు వంట ముగించుకుని కూర్చునే టైముకి ఇంతకన్నా మంచి నాటకం లేదు. "మీరజాలగలడా" పాట స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో పాడి ఆంధ్రదేశమంతా మోగించారు. ఇక్కడే జాగ్రత్త. ఆ పాట తర్వాత 1966 సినిమాలోకి కూడా వెళ్ళింది, ఇప్పుడు చాలామంది సత్యభామలు సినిమా వరసలోనే పాడతారు, యూట్యూబ్‌లో క్లెయిమ్, అంటే ఈ పాట హక్కు మాది అన్న అభ్యంతరం, పడే పాట ఇదే. నాటకం వరస తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోండి, ఆ వరస వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది, క్లెయిమ్ సంగతి అలా ఉంచినా సరే అది నేర్చుకోవాల్సిందే.

ఈ నాటకం మొత్తం ఒక్క సత్యభామ మీద నడుస్తుంది. ఆవిడకి జలుబు చేస్తే నాటకం లేదు. మారు సత్యభామ లేకుండా లైవ్ ఒప్పుకోవద్దు. తక్కెడ సీను కూడా రిహార్సల్లో పదిసార్లు చెయ్యాలి, తెర వెనక తాడు పట్టుకునే మనిషికి తులసిదళం ఎప్పుడు పడుతుందో కనపడాలి, హాల్లో క్షణం తేడా ఎవరూ పట్టించుకోరు, కెమెరా మాత్రం తక్కెడ మీదే ఉంటుంది.

గయోపాఖ్యానం. చిలకమర్తి వారు 1890 ప్రాంతంలో రాసారు, అప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా లేవు. గయుడి ఉమ్ము కృష్ణుడి దోసిట్లో పడటం, కృష్ణుడు ప్రతిజ్ఞ చెయ్యడం, తెలియక అర్జునుడు అభయమివ్వడం, అంటే ప్రాణస్నేహితులిద్దరూ మాట కోసం ఎదురెదురు నిలబడతారు. కుర్రాళ్ళ ట్రూపుకి ఇది మంచిది, సంభాషణలు ఎక్కువ, గొంతు మధ్యస్థంగా ఉన్నా మాటలో పట్టుంటే నడిచిపోతుంది, అన్నకీ భర్తకీ మధ్య నలిగే సుభద్ర వేషానికి కొత్త అమ్మాయిలు కూడా నిలబడగలరు. రచయిత 1946లో పోయారు, హక్కుల సమస్య లేదు. తక్కువేటంటే జనానికి ఈ పద్యాలు నోటికి రావు, అందుకే ఒన్స్‌మోర్‌లు ఉండవు, ఇది హాల్లో లోటే కానీ స్లాట్‌కి లాభం. యుద్ధం సీను కుదించండి, అట్ట కత్తులు టీవీలో తేలిపోతాయి.

చింతామణి గురించి చాలామంది అడుగుతారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనని నిషేధించింది. వేరే నాటకం చూసుకోండి.

ఒకచోట చూసుకోవడానికి:

| | హరిశ్చంద్ర (వారణాసి, కాటి) | రాయబారం | తులాభారం | గయోపాఖ్యానం |
|---|---|---|---|---|
| నాకు పట్టిన టైము | గంటన్నర | రెండున్నర, మూడు గంటలు | రెండు గంటలు | గంటా ముప్పావు |
| కెమెరాలు | 1 కూడా చాలు | 3 | 2 | 2 |
| గొంతు బరువు ఎవరి మీద | హరిశ్చంద్రుడు, చంద్రమతి | కృష్ణుడు, దుర్యోధనుడు, అర్జునుడు | సత్యభామ | అందరికీ కొంచెం కొంచెం |
| జారే చోటు | చీకటి లైటింగ్, జాషువా పద్యాలు | సభ సీను మైకులు, టైము | సినిమా వరసలు, తక్కెడ | యుద్ధం |
| ఎవరు చూస్తారు | అన్ని వయసులవాళ్ళు | పద్యాలు తెలిసిన పెద్దవాళ్ళు | ఇంటిల్లిపాదీ | కుర్రాళ్ళు, కాలేజీ వాళ్ళు |

మీ పరిస్థితి బట్టి

ఊరి సమాజం, ఒకే కెమెరా, డబ్బులు తక్కువ అయితే హరిశ్చంద్రే. కెమెరాని స్టేజీకి మరీ దూరంగా హాల్ వెనక పెట్టకండి, నాలుగో వరస దగ్గర ఎత్తు బల్ల మీద పెట్టండి. సౌండు కెమెరా మైకు నుంచి కాకుండా మిక్సర్ నుంచి తీసుకోండి, ఈ ఒక్కటీ చేస్తే సగం గెలిచినట్టే. నా పెట్టె మైకు మాత్రం తగ్గించమంటాను ప్రతిసారీ, హాల్లో సరిపోయిన హార్మోనియం టీవీలో పద్యాన్ని మింగేస్తుంది.

మంచి గాయకులు ముగ్గురు నలుగురు ఉండి, దాత కూడా దొరికితే రాయబారం వెయ్యండి. కానీ ఛానెల్‌తో టైము కాగితం మీద రాయించుకోండి, పది నిమిషాలు దాటితే ఏం చేస్తారో కూడా. చదివింపులు మైకులో చదవకుండా కింద స్క్రోలింగ్‌లో వెయ్యమనండి. దాతలకి ముందే చెప్తే కోపం రాదు, పేరు అందరికీ కనపడుతుంది కదా అని సంతోషిస్తారు కూడా. ఒన్స్‌మోర్ అంటే నాలుగో పాదం ఒక్కటే మళ్ళీ పాడాలని నటులందరితో ముందే మాట అనుకోండి.

మా సంగీత కళాశాల పిల్లలు, అంటే 1919లో పెట్టిన విజయనగరం మహారాజా కాలేజీలో చదివే పిల్లలు మీకు దొరికితే తులాభారం ధైర్యంగా వెయ్యొచ్చు, వాళ్ళకి శ్రుతి బాగుంటుంది, నటన మీరు నేర్పుకోవాలి. ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆయన పేరు ఎందుకు ఎత్తానంటే మీ దగ్గర గొప్పగా పాడే మనిషి ఒక్కరే ఉంటే నాటకం మానీసి హరికథ పెట్టండి. ఒక మనిషి, ఒక కెమెరా, చేతిలో చిడతలు, అన్ని పాత్రలూ ఆ ఒక్క ముఖంలోనే, టీవీకి అంతకన్నా కుదిరేది నాకు తెలియదు.

శ్రీకాకుళం వైపు తూర్పు భాగవతం, అంటే మన వైపు ఆటా పాటా మాటా కలిపి ఆడే నాటకం, ఆడేవాళ్ళున్న ఊళ్ళయితే సత్యభామ కలాపం ఒక గంట లైవ్ అడగండి. మద్దెల వాయించే మద్దెలగాడూ సత్యభామా ఎదురెదురుగా నిలబడి మాటకి మాట అనుకునే భాగం కెమెరాకి చాలా బాగుంటుంది. రాత్రంతా ఆడేదాన్ని గంటకి కుదించమంటే గురువులు బాధపడతారు, అందుకే కుదించమని అడక్కుండా ఏ భాగం చూపిద్దామో వాళ్ళనే ఎంచమనండి.

స్కూళ్ళు, కాలేజీల వాళ్ళు ఇంగ్లీషు మ్యూజికల్ వెయ్యాలనుకుంటే ఒక్క విషయం. స్టేజీ మీద ఆడటానికి తీసుకున్న లైసెన్సులో మామూలుగా లైవ్ ప్రసారం హక్కు ఉండదు, విడిగా అడగాలి, అది రాకముందే పోస్టర్లు వేసీకండి.

ఏ నాటకమైనా ముందురోజు రాత్రి అదే టైముకి, అదే లైట్లతో, కేబుల్‌కి వదలకుండా మొత్తం ఒకసారి ఆడి, ఒక మనిషిని ఊళ్ళో ఎవరింట్లోనైనా టీవీ ముందు కూర్చోబెట్టి ఆ రికార్డింగ్ చూపించండి. మేం ఇప్పుడు మా పెద్దమ్మకే చూపిస్తున్నాం. పోయినసారి కాటి సీను చూసి "లోహితుడి ముఖం కనపడట్లేదు, పిల్లాడు చచ్చిపోయాడని ఎలా తెలుస్తుంది" అంది. లైటు రెండడుగులు ముందుకి జరిపాం.